ఆకాశంలో పోయిన వస్తువు

రసీదు బాబాయికి లోకంలో ఒకే ఒక్క నమ్మకం. ప్రతి వస్తువుకీ ఒక యజమాని ఉంటాడు. లేడని ఎవరైనా అన్నారంటే వాళ్ళకి వెతికే ఓపిక లేదన్నమాట. ఆ ఓపికేదో దేవుడు ఊరందరికీ పంచాల్సింది, పొరపాటున మొత్తం ఆయనొక్కడికే ఇచ్చేశాడు.

ఆయన రైల్వేలో, పోయిన వస్తువుల ఆఫీసులో, ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. స్టేషను చివర ఒక గది. ఒక కిటికీ, ఒక బల్ల, గోడ నిండా అరలు. అరల్లో జనం రైళ్ళలో మర్చిపోయిన గొడుగులూ, చెప్పులూ, టిఫిను డబ్బాలూ. వచ్చిన ప్రతిదానికీ ఎర్ర దారంతో ఒక అట్టముక్క కట్టి, రిజిస్టర్లో ఐదు గళ్ళూ నింపేవాడు. వస్తువు, దొరికిన చోటు, గంట, గుర్తులు, యజమాని. వచ్చినవాళ్ళు గుర్తులు చెప్పాలి, సంతకం పెట్టాలి, రసీదు పట్టుకెళ్ళాలి. ఈ మూడూ జరగందే సాక్షాత్తూ స్టేషను మాస్టరు గొడుగైనా కదిలేది కాదు.

ఒకసారి ఒక పెద్దాయన పళ్ళ సెట్టు పోగొట్టుకుని వచ్చాడు. "గుర్తులు చెప్పండి" అన్నాడు బాబాయి. పళ్ళు లేని నోటితో ఆ పెద్దాయన ఏం చెప్పినా గాలి తప్ప మాట రావడం లేదు. "గుర్తులు చెప్పకపోతే ఇవ్వడం కుదరదండీ" అని ఈయన, "ఫ ఫ ఫ" అని ఆయన. అరగంట గడిచాక ఆ పెద్దాయన ఒళ్ళు మండి నోరు బార్లా తెరిచి చూపించాడు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, టార్చి వేసి లోపలంతా చూసి, రిజిస్టర్లో రాసుకున్నాడు: 'గుర్తులు సరిపోయాయి.'

రిటైరయ్యాక ఆఫీసుకి తాళం వేసి వచ్చాడు గానీ ఆ రిజిస్టరు మాత్రం ఆయన బుర్రలోనే ఉండిపోయింది. ఎవరింటికి వెళ్ళినా చంకలో ఒక నోటుపుస్తకం, జేబులో ఎర్ర దారపుండ. సోఫా కింద బొత్తాం దొరికితే ఇంట్లో అందరి చొక్కాలూ వరసగా తనిఖీ. అందుకే చుట్టాల పిల్లలు రసీదు బాబాయని పేరు పెట్టారు. ఆయన దానికేమీ నొచ్చుకోలేదు. ఆ పేరు ఎవరు పెట్టారో కనుక్కుని నోటుపుస్తకంలో రాసుకున్నాడంతే.

ఈయనగార్ని యాభై ఏళ్ళు భరించిన మనిషి వదిన. ఆవిడ కొత్తకోడలిగా వచ్చేనాటికి ఈయన నిక్కరు వేసుకుని బడికి పోతున్నాడు. గుమ్మంలో పెట్టెతో నిలబడ్డ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఈవిడెవరి తాలూకు?" అని గట్టిగా అడిగాడట. లోపల్నుంచి అన్నయ్య చెయ్యెత్తి, "నా తాలూకేరా, లోపలికి రానీ" అన్నాడట.

ఆ చెయ్యెత్తినాయన పోయి రెండేళ్ళయింది. నెల తిరక్కుండానే చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి, "గుర్తుగా ఉంటుంది వదినా" అంటూ ఒకరు గొడుగు, ఒకరు రేడియో, ఒకరు గోడ గడియారం చూపించడం మొదలెట్టారు. వదినకి కాదనడం చేతకాదు. అప్పుడు రసీదు బాబాయి దారపుండ తీశాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగి అన్నయ్య చెప్పులకి, చేతికర్రకి, ఖాళీ కళ్ళజోడు పెట్టెకి కూడా అట్టముక్కలు కట్టాడు. అన్నిటి మీదా ఒకటే మాట: 'యజమాని: వదిన.' చుట్టాలు ముఖాలు చూసుకున్నారు. "వీడికి పిచ్చి ముదిరింది" అనుకుని కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ రెండేళ్ళూ వదిన గడప దాటలేదు. చివరికి కూతురు పట్టుబట్టి, మొగుడిచేత సెలవు పెట్టించి, సరస్సు ఒడ్డున అతిథి గృహంలో నాలుగు రోజులకి గదులు తీసుకుంది. బాబాయిని కూడా రమ్మంది. సామాన్లు మోయడానికి కాదు, లెక్క తప్పకుండా చూడ్డానికి.

"అమ్మా, ఒక్క మాట" అంది బయల్దేరే ముందు, పక్కన బాబాయి సంచీలు లెక్కపెడుతుంటే. "నువ్వు నాన్న కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నేను చూడలేకపోతున్నా. ఈ నాలుగు రోజులూ నాన్న సామాన్లు ఒక్కటీ వద్దు. మాటివ్వు."

"ఇచ్చానే తల్లీ" అంది వదిన. అప్పటికే కోటు సంచీ అడుగున తువ్వాలులో చుట్టి ఉంది.

అన్నయ్య టెలిఫోన్ లైన్‌మన్. అది ఆయనకి ఆఫీసువాళ్ళిచ్చిన వానకోటు. వెండి రంగు, కాగితమంత తేలిక, తలకి టోపీ కూడా దాంతోనే కుట్టి ఉంటుంది. ఆ కోటు మీద చెయ్యి వేస్తేనే వదినకి నిద్ర పట్టేది. ఎందుకని అడిగినా ఆవిడ చెప్పలేకపోయేదేమో. ఎవరూ అడగలేదు కూడా, వద్దన్నారంతే.

రెండో రోజు సాయంత్రం అందరూ పడవ షికారుకని రేవు దగ్గరికి వెళ్ళారు. వదిన తలనొప్పని ఉండిపోయింది. సంచీలో ఉండీ ఉండీ కోటు ముక్కిన వాసన వేస్తోంది. కాస్త గాలికి ఆరేద్దామని డాబా మీదికి తీసుకెళ్ళింది. నలభై ఏళ్ళుగా ఆయన చెప్పిన పద్ధతిలోనే ఆరేసింది. బొత్తాలన్నీ పెట్టాలి, టోపీ తాడు ముడెయ్యాలి, చేతుల చివర రబ్బరు బ్యాండ్లు వెయ్యాలి. స్తంభం ఎక్కినప్పుడు చీమలు చేతుల్లోకి దూరకుండా ఆయన పెట్టుకున్న ఏర్పాటది. ఇంట్లో వెనక వరండాలో ఆ పద్ధతికి తిరుగులేదు. అక్కడ గాలి రాదు. ఇక్కడ ఎదురుగా సరస్సు.

టీ గ్లాసు తెచ్చుకుందామని కిందికి వెళ్ళి వచ్చేసరికి తీగ మీద క్లిప్పులు మాత్రం ఉన్నాయి.

తలెత్తి చూసింది. కోటు పొట్ట ఉబ్బించుకుని, రెండు చేతులూ చాచుకుని, టోపీ పెట్టుకున్న తలని కాస్త పక్కకి వంచి, ఎండలో ధగధగా మెరుస్తూ సరస్సు మీదుగా పోతోంది. పాపం ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఏనాడూ అంత ఎత్తు ఎక్కి ఎరగడు.

రేవు దగ్గర కేకలు మొదలయ్యాయి. పడవ రసీదు సరిచూసుకుంటున్న బాబాయి తలెత్తేసరికి అది దూరంగా చుక్కయిపోయింది.

రాత్రి భోజనాల హాల్లో అదే గోల. అందరికంటే పెద్ద గొంతు పళ్ళ డాక్టరుది. భార్యతో సెలవులు గడపడానికి వచ్చిన మనిషి, భార్యని వదిలేసి బల్ల ఎక్కినంత పని చేశాడు.

"వెండి రంగు! తల ఉంది, చేతులున్నాయి, కాళ్ళు లేవు! శబ్దం లేదు! అది మన లోకపుది కాదండీ, రాసిస్తా!"

కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి పక్క బల్ల దగ్గరుంది. ఆ అమ్మాయి మెల్లిగా అంది, "నాకైతే చెయ్యి ఊపిందండీ."

"నువ్వూ ఊపావుగా" అన్నాడు పెళ్ళికొడుకు తలపట్టుకుని.

"వాళ్ళు ఊపితే మనం ఊపొద్దూ? మర్యాద కాదూ?"

మేనేజరు చేతులు నలుపుకుంటూ, గేటు దగ్గర 'ఆకాశ వింత చూడబడిన చోటు' అని బోర్డు పెడితే ఎలా ఉంటుందని అందర్నీ సలహా అడుగుతున్నాడు. ఆ సందట్లో రసీదు బాబాయి నోటుపుస్తకం తీసి, చపాతీ పళ్ళెం పక్కకి జరిపి, ఐదు గళ్ళు గీశాడు.

"వస్తువు ఏ వైపు పోయింది?"

"వస్తువేమిటండీ!" డాక్టరుకి పొరబోయింది. "అది అంతరిక్ష నౌక!"

"నౌకైతే మాత్రం? దానికి యజమాని ఉండడా? ఇప్పుడు ఆయనెక్కడ వెతుక్కుంటున్నాడో పాపం."

హాలంతా గొల్లుమంది. కూతురు కూడా నవ్వింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వదిన మాత్రం తన సంచీకేసి చూసింది. ఆవిడ గుండెలో రెండు భయాలు. మరిదికి ఆ కోటు దొరక్కపోతే ఇక జన్మలో దొరకదు. దొరికితే, ఈయన స్వభావం తెలిసిందేగా, ఇంతమందిలో ఎత్తిపట్టుకుని "యజమాని ఎవరు?" అంటాడు. కూతురు ముఖం అప్పుడెలా ఉంటుందో తల్చుకుంటూ చపాతీని ముక్కలు తుంచుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే విచారణ మొదలైంది. బాబాయి మేనేజరు దగ్గర సరస్సు పటం ఒకటి పుచ్చుకుని, సాక్షులందర్నీ వాళ్ళు నిన్న నిలబడ్డ చోటే రేవు మీద నిలబెట్టాడు. ఒక్కొక్కరూ వస్తువు ఆఖరుసారి కనపడ్డ వైపు చెయ్యి చాపాలి. ఆ చేతి వాటం చూసి పటం మీద ఎర్ర దారం లాగుతాడు. దారాలన్నీ ఎక్కడ కలిస్తే వస్తువు అక్కడ.

"కదలకండి డాక్టరుగారూ."

"చెయ్యి లాగేస్తోందయ్యా!"

"మీరు జనాన్ని నోరు తెరిపించి గంటలు గంటలు కూర్చోబెట్టరూ? మేమేమైనా అంటున్నామా?"

డాక్టరు భార్యకి అంత నవ్వు ఎప్పుడొచ్చిందో ఆవిడకే గుర్తులేదట.

అందర్నీ మూడేసి సార్లు అడిగాడు. పడవవాణ్ణి అడిగాడు. వంటవాణ్ణి అడిగాడు. వంటవాడు అసలు ఆకాశమే చూడలేదంటే, ఎందుకు చూడలేదో అడిగాడు. వదినని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆఖర్న పెళ్ళికూతురి వంతు వచ్చింది.

"గుర్తులు ఇంకేమైనా ఉన్నాయామ్మా? బాగా తల్చుకో."

"ఉందండీ. మెడ దగ్గర ఎర్రగా ఒక దారం. దాని చివర చిన్న అట్టముక్కలాంటిది. గిరగిరా తిరుగుతోంది."

"ఇది కొత్తగా చేర్చావు!" అన్నాడు పెళ్ళికొడుకు.

"నిన్న ఎవరైనా అడిగారా? అందరూ నన్ను చూసి నవ్వడమే సరిపోయె."

బాబాయి కలం ఆగింది. ఆ పిల్ల ముఖంలోకి చూశాడు, తన చేతిలో ఉన్న ఎర్ర దారంకేసి చూశాడు. కలానికి మూత పెట్టేశాడు.

"ఇది రాయక్కర్లేదులే అమ్మా" అన్నాడు. పక్కనే వరండాలో కూర్చున్న వదిన ఊపిరి పీల్చుకుంది. పిల్ల మాట నమ్మలేదు కాబోలు, బతికానురా భగవంతుడా అనుకుంది.

ఆ తర్వాత బాబాయి మేనేజరు సైకిలు అడిగి తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. పొద్దు వాలే వేళకి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద, చొక్కా భుజం దగ్గర చిరుగు. అవతలి ఒడ్డున సగం వెతికాడట, సగం మిగిలిందట.

"చిన్నమావయ్యగారూ" అన్నాడు అల్లుడు, నవ్వు ఆపుకుంటూ. "కొండంతా తవ్వి చివరికి ఎలకని పడతారేమో."

"పట్టనివ్వండి అల్లుడుగారూ. ఎవరి ఎలకో కనుక్కుందాం."

ఆయన మెట్ల మీద కూర్చుని బురద కడుక్కుంటుంటే వదిన చెంబుతో నీళ్ళు పోసింది. అరవై దాటిన మనిషి, మోకాలి నొప్పి. ఆవిడ మనసు ఉండబట్టలేదు.

"మరిదీ, పోనీ వదిలెయ్యరాదూ? పోయిందేదో పోయింది."

"మా ఆఫీసులో ఆ మాట లేదు వదినా" అన్నాడు ఆయన పాదాలు రుద్దుకుంటూ. "పోయింది అనం. ఇంకా రాలేదు అంటాం."

ఆవిడ చెంబు పట్టుకుని మొహం అటు తిప్పుకుంది. రెండేళ్ళలో చాలామంది చాలా చెప్పారు గానీ, ఇలాంటి మాట ఎవరూ అనలేదు.

నాలుగో రోజు పొద్దున మళ్ళీ సైకిలెక్కి వెళ్ళాడు. ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం భోజనాలకి అందరూ హాల్లో చేరి, కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నారు. మేనేజరు బోర్డుకి రంగు కూడా తెప్పించాడు. బాబాయి ఉత్తచేతులతో వచ్చాడు. నోటుపుస్తకం తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

"వస్తువు: ఆకాశంలో కనపడింది. దొరికిన చోటు..." అని ఆగాడు. ఒకసారి కాగితం కేసి చూసి, "ఖాళీ. యజమాని: తెలియలేదు. విచారణ ముగిసింది" అని పుస్తకం మూసేశాడు.



"తెలియలేదా?" అన్నాడు అల్లుడు. "మావయ్యగారూ, మీరా ఈ మాట అంటున్నది? ముప్పై నాలుగేళ్ళలో ఆ గడి ఖాళీ వదిలారా ఎప్పుడైనా?"

"ఇదే మొదలు."

"ఓడిపోయారన్నమాట!"

"ఓడిపోయాను."

పళ్ళ డాక్టరు లేచి ఎగిరినంత పని చేశాడు. "నేను చెప్పలా? అది మన లోకపుది కాదని చెప్పలా?" అంటూ అన్ని బల్లల దగ్గరికీ వెళ్ళి చేతులు కలిపాడు. కూతురు కళ్ళు తుడుచుకునేలా నవ్వుతూ, "పోనీలే బాబాయ్, అరిటిపండు తిను" అంది. బాబాయి తల వంచుకుని అరిటిపండు వలుచుకున్నాడు.

వదిన మెల్లిగా లేచి గదికి వచ్చేసింది. బయటపడలేదు, బతికిపోయాను అనుకుంది. వెంటనే, దొరకలేదు అని కూడా అనుకుంది. సంచీలోంచి ఖాళీ తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

తలుపు మీద రెండు దెబ్బలు. రసీదు బాబాయి. చంకలో పాత పేపరులో చుట్టిన పొట్లం. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, బల్ల ముందు కుర్చీ లాక్కుని, ఆఫీసు కిటికీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"గుర్తులు చెప్పండి వదినా."

ఆవిడ మంచం మీద కూలబడింది. "అన్నీ తెలిసే అడుగుతున్నావా?"

"రూలు రూలే. రెండో బొత్తాం?"

"నల్లది. తక్కినవన్నీ బూడిద రంగు. అది నేను కుట్టిందే."

"ఎడమ జేబు?"

"చిల్లు. కుడతానంటే, వాన నీళ్ళు బయటికి పోవడానికి దారుండాలే అని కుట్టనిచ్చేవారు కాదు."

"చేతుల చివర?"

"రబ్బరు బ్యాండ్లు. చీమల కోసం." ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి గానీ నవ్వే ముందు బయటికి వచ్చింది. "ఎక్కడ దొరికిందయ్యా?"

"అవతలి ఒడ్డున, టెలిఫోన్ స్తంభం మీద." బాబాయి పొట్లం విప్పాడు. "అన్నయ్య కోటు ఇంకెక్కడికి పోతుంది వదినా? తిన్నగా డ్యూటీకి పోయింది. అక్కడి లైన్‌మన్‌ని బతిమాలి దింపించా. ఆ అబ్బాయి కూడా, ఎవరో మా శాఖ మనిషేనండీ, టోపీ తాడు ముడి చూస్తే తెలుస్తోంది అన్నాడు."

కోటు మెడకి ఎర్ర దారం అలాగే ఉంది. అట్టముక్క కాస్త తడిసింది గానీ, 'యజమాని: వదిన' అన్న అక్షరాలు చెదరలేదు.

"అయితే నిన్ననే తెలుసా నీకు?"

"ఆ పెళ్ళికూతురు దారం మాట అన్నప్పుడు తెలిసింది. నేను కట్టిన ముడి కాదూ? ఇంకొకళ్ళ కంటపడే లోపల తేవాలని నా హడావుడి."

"మరి అంతమందిలో ఓడిపోయానన్నావు? తెలియలేదని చదివావు? నీ పుస్తకంలో అబద్ధం రాశావా?"

"అబద్ధమెందుకు రాస్తాను?" బాబాయికి నిజంగానే పౌరుషం వచ్చింది. "తెలియలేదనే రాశా. వాళ్ళకి తెలియలేదు కదా. 'ఎవరికి తెలియలేదు' అన్న గడి ఆ రిజిస్టర్లో లేదు."

వదిన కోటు ఒళ్ళోకి తీసుకుంది. ఎండ వాసన, ఆకుల వాసన వేస్తోంది. ముక్కిన వాసన పూర్తిగా పోయింది. నలభై ఏళ్ళలో దాన్ని అంత బాగా ఎవరూ ఆరేయలేదు. తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకుంటూ, "ఇంటికెళ్ళాక అమ్మాయికి నేనే చెప్తాలే" అంది. "ఇలా ఎగిరిపోయిందంటే అది కూడా నవ్వుతుంది. నవ్వినవాళ్ళు కోప్పడలేరు."

"మంచిమాట. అలాగే ఇంకోసారి ఆరేస్తే బొత్తాలు పెట్టకండి వదినా. ఆ డాక్టరు గుండెకి అంత మంచిది కాదు." లేచి తలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "అసలు సంగతి మర్చిపోయా. రసీదు."

"నాకు కూడానా?"

"మీకని రూలు మారుతుందా?"

ఆవిడ కలం తీసుకుని, నవ్వుతూనే, బడిపిల్లలా గుండ్రంగా సంతకం పెట్టి ఇచ్చింది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, కాగితాన్ని వెలుగుకి పెట్టి, కింది నుంచి పై దాకా చూసి, తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"తారీకు వెయ్యలేదు వదినా."